లాగితే ఊడే కుట్టు

కుట్టు షెడ్డు,
భోజనాల వేళ

మేనకోడలికి మేనత్త రాస్తున్నది:

ఫోనులో నీతో వాదించడం నా వల్ల కాదు. నేనొక మాట అనేలోపు నువ్వు పది అంటావు, పైగా అవన్నీ అంకెలే. కాగితం మీదైతే మధ్యలో అడ్డు రాలేవు కదా, అందుకని రాస్తున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు.

ముందు చెడ్డ కబురు చెప్పేస్తాను. పిండి మిల్లు వాళ్లు ఇక గోతాలు వాడరట. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు తెప్పించుకుంటున్నారు. మిల్లు నుంచి వచ్చిన గోతాలు విప్పి, ఉతికి, చిరిగిన పక్క మార్చి మళ్లీ కుట్టి పంపడమే ఇన్నేళ్లుగా మా బతుకు. పన్నెండు మంది ఆడవాళ్లం, పన్నెండు మిషన్లు. వానలు మొదలయ్యేలోపు వేరే పని దొరక్కపోతే షెడ్డుకి తాళం వేయడమే. ఈ సంగతి మీ నాన్న చెవిన ఎవరు వేశారో గానీ, "మా ఇంటికి వచ్చేయమ్మా, వెనక గదికి సున్నం కొట్టిస్తున్నా" అని కబురు పెట్టాడు. మా అన్నయ్య బంగారమే, కాదనను. కానీ ఆ గదిలో చేతులు ముడుచుకుని కూర్చుని, ఆయన రేడియోతో వాదించుకుంటుంటే వింటూ ముసలిదాన్నైపోవడం నాకిష్టం లేదు. నాకు ఈ షెడ్డు కావాలి. అంతే.

ఇప్పుడు మంచి కబురు. ఎన్నికలొచ్చాయి! మీ ఆర్థిక శాఖ వాళ్లు చలికాలం నుంచి "ఉద్దీపన, ఉద్దీపన" అంటున్నారు, ఊళ్లలో పని పుట్టించే ప్రభుత్వం డబ్బట. ఆ మాట నోరు తిరగడానికే నాకు వారం పట్టింది, అది మాత్రం ఇంకా మా వీధి మలుపు తిరగలేదు. ఎన్నికల ప్రకటన వచ్చిందో లేదో, పార్టీ మనిషొకడు గుమ్మంలో నిలబడి "జెండాలు కుడతారా అక్కా?" అన్నాడు. సాయంత్రానికి ఎదుటి పార్టీ వాడూ వచ్చాడు. చూశావా? ప్రభుత్వం డబ్బు నడిచొస్తుంది, ప్రచారం డబ్బు పరిగెత్తుకొస్తుంది.

అందుకని పందెం. మొదటి వాన పడే రోజుకి ఈ షెడ్డులో మిషన్లు ఆడుతుంటే, అది ప్రచారం పుణ్యమో మీ ఉద్దీపన పుణ్యమో తేల్చుకుందాం. ఓడినవాళ్లు పన్నెండు మంది ముందు నిలబడి "నాదే పొరపాటు" అనాలి. మన ఇంటి పేరున్న వాళ్లెవరూ ఇంతవరకు ఆ మాట అనలేదు. నీతో మొదలవుతుందని నా నమ్మకం.

నీ అత్త

*

ఆర్థిక శాఖ, మూడో అంతస్తు,
కిటికీ పక్క బల్ల

అత్తా,

పందెం ఖాయం. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి సిద్ధంగా ఉండు, ఆ మాట అనేది నువ్వే.

నీ ఉత్తరం వచ్చిన రోజే మా పెద్దాయన నన్ను పిలిచారు. ఆయన్ని మేమంతా దశాంశం సారంటాం. "సుమారుగా" అన్న మాట ఆయనకి గిట్టదు. టీ ఎంత కావాలంటే "సున్నా పాయింట్ ఏడు కప్పు" అనే మనిషి. "ఎన్నికల ప్రచారం ఖర్చు కూడా ఉద్దీపనలాగే దేశానికి ఊపు తెస్తుందని పేపర్ల వాళ్లు రాస్తున్నారు, నిజమో కాదో ఒక నివేదిక రాయి" అన్నారు. మా అత్త అప్పుడే రాసేసింది సార్ అని నాలుక చివరిదాకా వచ్చింది.

సరే, నా వాదన విను. నీకు జెండాల డబ్బిచ్చిన పార్టీకి ఆ డబ్బు ఎక్కడిది? ఎవరో వ్యాపారి విరాళమిచ్చాడు. ఇవ్వకపోతే ఆయన దాంతో ఇంటికి రంగులు వేయించుకునేవాడు, రంగులేసే వాడికి పని దొరికేది. ఆ పని నీకొచ్చింది, అంతే. ఊరికి కొత్తగా ఏం చేరింది? మా డబ్బు అలా కాదు. జనం జేబులు బిగించుకుని కూర్చున్నప్పుడు ప్రభుత్వం అప్పు తెచ్చి మరీ పని పుట్టిస్తుంది. అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎన్నిసార్లు మారుతుందన్నదే అసలు లెక్క. పైగా దేశంలో అన్ని పార్టీల ఖర్చూ పోగేసినా మా ఉద్దీపన పక్కన పెడితే గంగాళం ముందు గరిటె.

ఇంకొకటి. పోలింగు మర్నాడు నీ జెండాలు ఎవరికి కావాలి? అప్పుడేం కుడతావు? పందెం కోసం అడగడం లేదు అత్తా, భయమేసి అడుగుతున్నాను.

నాన్న గదికి సున్నమే కాదు, కొత్త పరుపు కూడా కొన్నారు. నా చిన్నప్పుడు ఇంత ముచ్చటగా నాకు పెన్సిలు కూడా కొనలేదు.

నీ మేనకోడలు

*

కుట్టు షెడ్డు,
ఊపిరి సలపని వేళ

ఒసేయ్ గరిటె,

నీ గంగాళం నీ దగ్గరే ఉంచుకో. ఇక్కడ గరిటెతోనే కడుపులు నిండుతున్నాయి.

ఒక్కసారి వచ్చి మా వీధి చూడు. రంగులాయన గోడలన్నీ అయిపోయి మా షెడ్డు తలుపు అడుగుతున్నాడు. మైకాయన పొద్దున ఒక పార్టీ వ్యానెక్కుతాడు, మధ్యాహ్నం గొంతుకి తేనె రాసుకుని రెండో పార్టీ వ్యానెక్కుతాడు. "అదేమిటయ్యా" అంటే "నా గొంతు నాదే అక్కా, మాటలే వాళ్లవి" అంటాడు. టీ కొట్టాయన రెండో పొయ్యి పెట్టాడు. మా పన్నెండు మందిలో అందరికన్నా చిన్నది, వాగుడుకాయ అంటామే, అది కూతురికి సైకిలు కొనిచ్చింది. సైకిలు కొట్టాయన ఆ డబ్బుతో మా దగ్గరే తన కొట్టుకి పరదా కుట్టించుకున్నాడు. చేతులు మారడమంటే ఇదేగా? నాలుగు రోజుల్లో నా డబ్బు నా చేతికే తిరిగొచ్చింది! మీ దశాంశం సారుకి చెప్పు.

రెండు పార్టీల జెండాలూ ఒకే బల్ల మీద కుడుతున్నాం. ఎడమ వైపు వీళ్లవి, కుడి వైపు వాళ్లవి, మధ్యలో భోజనం డబ్బాలు. ఆ డబ్బాల గీత దాటితే జరిమానా.

అన్నిటికన్నా పెద్ద పని నిన్న వచ్చింది. మొదటి పార్టీ తరఫున నిలబడ్డ పెద్దావిడకి చివరి సభ ఉంది. రిటైరైన హెడ్మిస్ట్రెస్సు, గడియారం మేడ ముందు సభ. మేడ ఎత్తున బ్యానరు కావాలట, దాని నిండా ఆవిడ మొహమే. గుడ్డ పట్టీలుగా అచ్చై వచ్చింది, అవి జత చేసి కుట్టాలి. మామూలు మిషనైతే రెండు రోజులు. గోతాల మిషను మీద పెట్టి ఒక్క పూటలో ముగించాం. ఆవిడ ముక్కు మీద వాగుడుకాయ, చెవి దగ్గర నేను, గడ్డం కింద మిగతావాళ్లు. కుట్టు తిన్నగా వచ్చిందని పార్టీ వాడు మురిసిపోయాడు.

పోలింగు మర్నాడు ఏం కుడతావని అడిగావు. ఇంత ఊపు చూశాక ఆ ఆలోచనే రాలేదు. వచ్చినప్పుడు చూసుకుందాం.

నీ అత్త

*

ఆర్థిక శాఖ,
అదే బల్ల

అత్తా,

సైకిలు, పరదా, మళ్లీ నీ చెయ్యి... చదివి చాలాసేపు నవ్వుకున్నాను, తర్వాత కొంచెం కుళ్లుకున్నాను కూడా. మా పటాల్లో నేనెప్పుడూ డబ్బు తిరగడాన్ని బాణం గుర్తులతోనే చూశాను. టీ కొట్టు రెండో పొయ్యిలా ఎప్పుడూ చూడలేదు. నివేదికలో నీ వైపు ఒక మార్కు వేశాను: వేగం. ప్రచారం డబ్బు దొరికిన వెంటనే ఖర్చయ్యే చేతుల్లో పడుతుంది. ఒప్పుకుంటున్నాను.

ఒక మార్కే సుమా, విర్రవీగకు.

వాగుడుకాయ కూతురి సైకిలు ఏ రంగు? ఆ సంగతి నివేదికలో పెట్టను, నాకే తెలుసుకోవాలనుంది.

నీ మేనకోడలు

*

షెడ్డు,
ఎవరూ లేని వేళ

అమ్మాయీ,

ఇది మీ నాన్నకి చెప్పొద్దు. ఒట్టు వేసి చదువు.

నిన్న సభకి మేం పన్నెండు మందిమీ వెళ్లాం, మా పని అందరూ చూస్తుంటే చూద్దామని. గడియారం మేడ మీద బ్యానరు భలే ఉంది. పెద్దావిడ వేదికెక్కి మాట్లాడుతోంది. ఆవిడ వెనకే, సరిగ్గా చెయ్యి అందే ఎత్తులో, బ్యానరు అంచు నుంచి జానెడు దారం వేలాడుతోంది.

గోతం కుట్టు చివర జానెడు దారం వదలడం మాకు అలవాటు. మళ్లీ ఉతకడానికి విప్పేటప్పుడు ఆ కొస పట్టుకుని లాగితే కుట్టు మొత్తం ఒక్క ఊపున వచ్చేస్తుంది. అందుకే గోతాలకి ఆ గొలుసు కుట్టు. ఇన్నేళ్లుగా కొస వదిలిన చేతులు, బ్యానరుకి కూడా అలాగే వదిలేశాయి. మాలో ఒక్కరికీ తట్టలేదే!

హెడ్మిస్ట్రెస్సు కదా, వేలాడే దారం చూస్తే ఊరుకోలేదు. మాట్లాడుతూనే తెంపేద్దామని పట్టుకుని లాగింది. తెగలేదు, వచ్చింది. ఇంకా లాగింది, ఇంకా వచ్చింది. కాళ్ల దగ్గర దారం కుప్ప పడుతోంది, ఆవిడ ఉపన్యాసం ఆపలేదు, లాగడమూ ఆపలేదు. అప్పుడు గాలి వచ్చింది. సర్రుమని ఆ మొహం మధ్యకి విచ్చుకుని, ఒక కన్ను మేడకి ఇటు, ఒక కన్ను అటు ఎగిరిపోయాయి. జనం నవ్వు ఆపుకోలేకపోయారు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, చేతిలో దారం చూసుకుంది, మైకు దగ్గరికొచ్చి, "చూశారుగా, మొదలుపెట్టిన పని చివరిదాకా వదలను" అంది. ఆ మాటకి చప్పట్లే చప్పట్లు.

కానీ ఆవిడ మనుషులు నవ్వలేదు. సభ అవగానే మమ్మల్ని చుట్టుముట్టి, "ఎదుటి పార్టీ వాళ్లు ఎంతిచ్చారు?" అన్నారు. వాగుడుకాయకి ఏడుపొచ్చేసింది. అప్పుడు నేను ముందుకెళ్లి, "ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మా చేతుల అలవాటది. చూసుకోవలసింది నేను. నాదే పొరపాటు" అన్నాను. పక్కనే మైకాయన వ్యానులో మైకు ఆపలేదు. నేనన్నది ఊరంతా వినపడింది.

ఈ పొద్దున రెండు పార్టీలూ ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. రెండో పార్టీ వాళ్లకి తమ జెండాలు కూడా ఊడతాయని బెంగ. షెడ్డులో ఒక్క మిషనూ ఆడడం లేదు. నువ్వు పోలింగు మర్నాడు అన్నావు, నాకు అంతకన్నా ముందే వచ్చింది.

పరుపు మెత్తనిదేనా?

అత్త

*

ఆర్థిక శాఖ,
మెట్ల మీద కూర్చుని

అత్తా, నా బంగారు అత్తా,

క్షమించు. "ఇంకా లాగింది, ఇంకా వచ్చింది" దగ్గర నేను నవ్విన నవ్వుకి రెండు గదులవతల నుంచి దశాంశం సారు వచ్చి నిలబడ్డారు. అందుకే మెట్ల మీదికొచ్చి రాస్తున్నాను. నవ్వయ్యాక ఏడుపొచ్చింది. అంతమంది ముందు ఆ మాట అనగలిగావు! నేనైతే ఇంకా ఎవరి మీదికి తోయాలా అని చూస్తుండేదాన్ని. నాకు చాలా గర్వంగా ఉంది.

పరుపు సంగతి అడగొద్దు. రాయి. నాన్న బేరమాడి కొన్నారు.

ఇప్పుడొక మాట, ఇది నీకే కాదు, ఊళ్లో అందరికీ తెలియాల్సిందే: ఉద్దీపన మీ వీధి మలుపు తిరిగింది. సంతలకి నీడ పందిళ్లు వేయించడానికి డబ్బు మంజూరైంది. నోటీసు మీ మునిసిపాలిటీ గోడకి అంటించారు. నేను ఈ శాఖలో పని చేస్తున్నాను కాబట్టి నీ కోసం ఎవరితోనూ ఒక్క మాట కూడా అనను, అనకూడదు. గోడ మీద ఉన్నది చదవడం మాత్రం ఎవరికైనా తప్పు కాదు. వెళ్లి చదువు. వాళ్లకి ఏం కావాలో అందులోనే ఉంది.

నీ మేనకోడలు

*

కుట్టు షెడ్డు,
మిషన్ల పక్కనే

పిల్లా,

అక్షరాలు వంకరగా ఉంటాయి, సర్దుకుని చదువు. సంతోషం పట్టలేక గబగబా రాస్తున్నాను.

నోటీసు చదవడానికి వెళ్లేందుకు నాకు మూడు రోజులు పట్టింది, సిగ్గుతో. చివరికి తలకి కొంగు కప్పుకుని వెళ్లాను. చదివాను. సంతలో కూరగాయల వాళ్లకి పైన గుడ్డ పందిళ్లు కావాలి, మీ ఉద్దీపన షరతు ప్రకారం అవి అయిదేళ్లు నిలవాలి. ఏ గుడ్డ ఆ గాలికి అయిదేళ్లు నిలుస్తుంది? ఎక్కడో ఒక చోట చిరుగుతుంది, మొత్తం పారేయాలి. అందుకే ఎవరూ ముందుకు రాలేదట. గోడ ముందే నిలబడి పకపకా నవ్వాను. పక్కనాయన దూరం జరిగాడు.

లోపలికెళ్లాను. ఇంజనీరు తలెత్తి, "మీరేనా, ఆ బ్యానరు?" అన్నాడు. ఆఫీసంతా నవ్వు. కొంగు తీసేసి, "నేనే నాయనా. ఆ కుట్టే నీకు కావాల్సింది" అన్నాను. పందిరిని పట్టీలుగా కుడతాం. ఏ పట్టీ చిరిగితే దాని దారం లాగి, అదొక్కటే తీసి కొత్తది కుడతాం. ఏడాదికోసారి మొత్తం విప్పి ఉతికి మళ్లీ వేస్తాం. గోతాలకి చేసిందే. "మరి ఎవరైనా ఊరికే లాగితే?" అన్నాడు. దానికీ ఉపాయం చేశాం. దారం కొసని లోపలి మడతలోకి దోపి బొత్తాం పెట్టేస్తాం. ఇక ఎంత పెద్ద హెడ్మిస్ట్రెస్సుకైనా అందదు.

ముందు ఒక వరుసకి వేసి చూపించమన్నాడు. గుడ్డ ఎక్కడ తెచ్చేది? పెద్దావిడ ఎన్నికల్లో కొద్దిలో ఓడిపోయింది, తెలుసుగా. ధైర్యం చేసి ఆవిడింటికే వెళ్లి ఆ బ్యానరు గుడ్డ అడిగాను. "తీసుకెళ్లమ్మా, ఇక నా మొహంతో ఎవరికి పని" అని నవ్వింది. ఇప్పుడు ఉల్లిపాయల అంగడి మీద ఆవిడ కన్ను ఒకటి, టమాటాల మీద ఇంకొకటి. తూకంలో తేడా చేయడానికి భయమేస్తోందని అంగడివాళ్లు అంటున్నారు. మొన్న పెద్దగాలి వచ్చింది. అన్ని చోట్లా పరదాలు లేచిపోయాయి. మనది ఒక్క పట్టీ చిరిగింది. అందరూ చూస్తుండగా వాగుడుకాయ దారం లాగింది, పట్టీ చేతికొచ్చింది, టీ తాగే లోపు కొత్తది కుట్టేసింది. సంత మొత్తం చప్పట్లు.

సంతంతా మాకే ఇచ్చారు. అయిదేళ్లు! అయిదేళ్లే పిల్లా! పన్నెండు మిషన్లూ ఒకేసారి మోగుతుంటే మూలకెళ్లి కాసేపు ఏడ్చాను. షెడ్డు నాదేనే, ఇక్కడే ఉంటాను.

పందెం నేనే గెలిచాను. ప్రచారం లేకపోతే బ్యానరు లేదు. బ్యానరు ఊడకపోతే మా కుట్టు గొప్పతనం ఊరికి తెలిసేది కాదు. కాదంటావా?

నీ అత్త

*

ఆర్థిక శాఖ,
కిటికీ పక్క బల్ల

అత్తా,

అంటాను. గెలిచింది నేను. ఆ అయిదేళ్ల కూలీ ఎవరి డబ్బు? ప్రచారం నీకు పేరు పెట్టింది, పని పెట్టింది ఉద్దీపన.

నీ ఉత్తరం అందిన రోజున నేను బల్ల చుట్టూ గంతులేశాను. అదీ నిజం.

నివేదిక నిన్న మా శాఖ వాళ్లందరి ముందు చదివాను. ప్రచారం ఖర్చు చిన్నది, వేగమైనది, పోలింగుతో ఆరిపోయేది. ఉద్దీపన పెద్దది, నిదానం, నిలిచేది అని రాశాను. ఎవరో ఉదాహరణ అడిగారు. ఊరు చెప్పకుండా బ్యానరు నుంచి పందిరి దాకా కథంతా చెప్పాను. గదంతా నవ్వింది. దశాంశం సారు కూడా నవ్వారు, ఒకటీ పాయింట్ అయిదు నవ్వు. తర్వాత, "ఆవిడ మూడు రోజులు ఆలస్యం చేశారన్నావు, మరి మన డబ్బు అక్కడికి చేరడానికి ఎన్నాళ్లు పట్టింది?" అని అడిగారు. చలికాలం నుంచి వానల దాకా పట్టింది. ఆ మధ్యలో మీ పన్నెండు ఇళ్లలో పొయ్యి వెలిగించింది జెండాలే. అందుకని నివేదిక చివర ఒక వాక్యం కలిపాను: మనం ఇంకొంచెం త్వరగా నడవడం నేర్చుకోవాలి.

సెలవు పెట్టాను. మొదటి వానకి వచ్చేస్తున్నాను. మాట తప్పేదాన్ని కాదు, పన్నెండు మంది ముందు నిలబడతాను. కానీ నువ్వు కూడా నిలబడాలి.

నీ మేనకోడలు

*

కుట్టు షెడ్డు,
బయట వాన

మేనకోడలికి,

పొద్దున వాన మొదలైంది. నువ్వు బండెక్కే ముందు ఇది అందాలని పరుగున పోస్టు చేయిస్తున్నాను.

మీ నాన్న ముందే వచ్చేశాడు. నన్ను సామానుతో సహా తీసుకెళ్లిపోదామని వ్యాను మాట్లాడుకుని మరీ వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు, మిషన్ల మోతలో నాకేం వినపడలేదు, ఆయన మొహం చూస్తే అర్థమైంది. ఏం చేయాలి చెప్పు? ఆ వ్యానులోనే పందిరి గుడ్డలు ఎక్కించి సంతకి పంపాను. ఆయన్ని కూడా ఎక్కించాను. తడిసి ముద్దై వచ్చి, రెండో విడత ఎప్పుడని అడుగుతున్నాడు. ఇంత హుషారుగా ఆయన్ని చూసి ఎన్నాళ్లైందో. ఆ గది అద్దెకిచ్చుకో అన్నయ్యా అంటే, "ఆ పరుపు మీద ఎవరు పడుకుంటారే" అన్నాడు. తనకీ తెలుసన్నమాట!

మీ డబ్బు గురించి నేనన్న మాట ఒకటి సరిదిద్దుకోవాలి. ప్రచారం డబ్బు పరిగెత్తుకొచ్చింది, నిజమే, చెప్పులు కూడా విప్పకుండా అటు నుంచి అటే పోయింది. మీది నడిచే వచ్చింది. కానీ చెప్పులు విప్పి, లోపలికొచ్చి కూర్చుంది.

సరే, పందెం. ఇద్దరం నిలబడదాం. మైకాయన్ని మాత్రం ఆ ఛాయలకి రానివ్వను. భోజనాల వేళ కాదు, పని మంచి జోరుమీద ఉన్నప్పుడు నిలబడదాం. నువ్వు "నాదే పొరపాటు" అను, నేనూ అంటాను, ఇద్దరం ఒకేసారి, గొంతెత్తి. పన్నెండు మిషన్లూ ఆడుతుంటాయి కాబట్టి ఒక్కరికీ వినపడదు.

నీ అత్త